ఢిల్లీ నగర గాథలు: మెహ్రౌలీకి పాదుషా ప్రయాణము

గత సంచికతో కుతుబ్ మీనారు వృత్తాంతము ముగిసినది. ఈ సంచికలో ఆ మీనారు ప్రాకారమును దాటి, దానికి నైరృతి దిక్కున గుట్టల మీదను పల్లములందును ఒదిగియున్న మెహ్రౌలీ యను పాతపట్టణములోనికి పాఠకులను తోడ్కొని పోదలచితిని. దక్షిణాదినుండి ఢిల్లీ చూడవచ్చు యాత్రికులు మీనారును, ఇనుప స్తంభమును చూచి, నీడపట్టున ఒకింత కూర్చుండి, వచ్చిన బస్సులోనే మరలిపోవుట వాడుక. ఆ బస్సు నిలిచిన చోటికి అతిసమీపముననే, ఢిల్లీ కోటలో పేరునకు మాత్రము రాజ్యమేలిన కడపటి మొగలు పాదుషాలు తమ జీవితమున చేయగలిగిన ఏకైక రాజయాత్రకు గమ్యస్థానమైన ఊరు కలదనియు, ఆ రాజయాత్రను ఆ యూరివారును పాత ఢిల్లీ వాసులును నేటికిని పూవులతోను సన్నాయీలతోను మరల నడపుచున్నారనియు వారికి తెలియదు. ఆ యుత్సవమునకు ఫూల్‌వాలోం కీ సైర్ అని పేరు. పారసీక భాషాభిమానులు దానినే సైరె గుల్‌ఫరోషాఁ అందురు. పూలమ్మువారి విహారమని తాత్పర్యము.

ముందుగా ఊరిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. తోమర రాజైన అనంగపాలుని లాల్‌కోటయు, చౌహాను పృథ్వీరాజు విస్తరింపజేసిన దుర్గమును ఈ ప్రాంతముననే యుండెను. పండ్రెండవ శతాబ్ది చివర తురుష్కులు ఢిల్లీని గైకొన్నప్పుడు వారి తొలి రాజధానియు నిదియే. బానిస వంశపు సుల్తానులలో ప్రసిద్ధుడైన ఇల్తుత్మిష్ పట్టణపు దక్షిణపుటంచున 1230 ప్రాంతమున హౌజె షంసీ యను మహాతటాకమును త్రవ్వించెను. తరువాతి శతాబ్దిలో, మన ఓరుగల్లును 1323 లో కొల్లగొట్టి పిమ్మట సుల్తానైన మహమ్మదు బిన్ తుగ్లకు కొలువునకు వచ్చిన ఇబన్ బటూటా ఈ చెఱువును చూచి, దాని విస్తీర్ణమునకును, నడుమ నీటిలో నిలిచిన రాతి మండపమునకును అచ్చెరువొంది వ్రాసియున్నాడు. ఇల్తుత్మిష్ కాలముననే ఫర్గనా దేశపు ఓష్ నగరమునుండి వచ్చిన ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ యను సూఫీ మహాత్ముడు ఇచట నివసించి 1235 లో దేహము చాలించెను. అజ్మీరు ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీకి ఈయన శిష్యుడు, పంజాబు బాబా ఫరీదునకు గురువు. ఆయన సమాధియే మెహ్రౌలీ దర్గా.

దర్గాకు అనతిదూరమున, కుతుబ్ మీనారు ప్రాకారమునకు ప్రక్కనే, యోగమాయాదేవి ఆలయమున్నది. యశోద గర్భమున జనించి, కంసుడు శిలపై మోదబోగా అతని చేజాఱి ఆకసమున కెగసి, నిన్ను చంపువాడు వేఱొకచోట పెరుగుచున్నాడని పలికిన ఆ దేవియే యిచట వెలసినదని స్థానికుల విశ్వాసము. భాగవతము విన్న తెలుగువారికి ఈమెను పరిచయము చేయ నక్కఱలేదు. గుడి ప్రాచీనమైనదని ప్రసిద్ధియే గాని, యిప్పటి కట్టడమునకు మూలము 1827 లో, అనగా రెండవ అక్బరు షా కాలమున, లాలా సేఠ్‌మల్ అను ధనికుడు చేయించిన పునర్నిర్మాణము. ఈ తేదీని పాఠకులు గుర్తుంచుకొనవలెను, ఏలయన మన కథ ఆ పాదుషా యింటనే ఆరంభమగుచున్నది.

1803 సెప్టెంబరులో లేకు సేనాని యమున కావల పట్పర్‌గంజ్ వద్ద సింధియా సైన్యమును ఓడించి ఢిల్లీలో ప్రవేశించునప్పటికి, గులాం ఖాదరు చేత 1788 లో కన్నులు పోగొట్టుకొనిన వృద్ధ పాదుషా షా ఆలం, చినిగిన చాందినీ క్రింద కూర్చుండి ఆ యాంగ్లేయుని ఆదరించెను. షా ఆలం ఏలుబడి ఢిల్లీనుండి పాలెము గ్రామము వఱకే యని జనులు అంతకు పూర్వమే నవ్వుకొనుచుండిరి. ఆ పాలెముననే నేటి విమానాశ్రయమున్నది. కంపెనీవారు వచ్చిన పిదప ఆ మాత్రపు ఏలుబడియు మిగులలేదు. కోటలో పాదుషా, కోటవెలుపల రెసిడెంటు. పాదుషాకు నెలజీతమువంటి భరణము. 1806 లో షా ఆలం గతింపగా ఆయన కుమారుడు అక్బరు షా సింహాసన మెక్కి 1837 వఱకు పేరునకు పాదుషాగా నుండెను. ఆయన తన భరణమును పెంచుమని ఇంగ్లండు రాజునకు విన్నవించుటకై వంగదేశపు రామమోహన రాయని దూతగా పంపి, ఆ పయనమునకు గౌరవము చేకూర్చుటకై రాజా యను బిరుదు నొసగెను. మనము నేటికిని రాజా రామమోహన రాయ్ అని పిలుచునది ఆ పాదుషా పెట్టిన పేరే. 1835 లో కంపెనీ నాణెములనుండి మొగలు పాదుషా నామము తొలగింపబడినది కూడ ఈయన కన్నులయెదుటనే.

మన కృష్ణదేవరాయలు 1513 లో తిరుమల కేగి శ్రీనివాసునకు నవరత్న కిరీటమును సమర్పించినప్పుడు ఆయన వెంట సైన్యములు నడచినవి, ఆయన కానుకలు శాసనములకెక్కినవి. రాజయాత్ర యన మన మనస్సున నిలుచు చిత్రమది. రెండవ అక్బరు షాకు సైన్యము లేదు, జయింపదగిన శత్రువు లేడు, దానము చేయదగిన సీమ లేదు. ఆయనకు మిగిలినది కోటనుండి పదునొకండు మైళ్ల దూరమున నున్న మెహ్రౌలీ. అచట పూర్వుల సమాధులు, ఒక చెఱువు, మామిడి తోపులు. వానకాలమున కోటలోని యుక్కనుండి తప్పించుకొనుటకు రాజకుటుంబము అచటికి పోవుట ఉత్సవమునకు పూర్వమునుండియు నున్న అలవాటే. దానిని మహోత్సవముగా మార్చినది ఒక తల్లి మ్రొక్కు, ఒక కొడుకు అవివేకము.

ఆ తల్లి ముంతాజ్ మహలు బేగము. తాజ్‌మహలులోని రాణి వేఱు, ఈమె వేఱు. ఈమె కుమారుడు మీర్జా జహాంగీరు. అక్బరు షా పెద్దకుమారుడు అబూ జఫరు, ఉత్తరోత్తర బహదూర్ షాగా ప్రసిద్ధుడైన కవి, నెమ్మదస్థుడు. అయినను పాదుషాకు చిన్నరాణియం దుండిన మక్కువచేత జహాంగీరునే యువరాజును చేయవలెనని పట్టుదల. కంపెనీవారు జ్యేష్ఠునకే హక్కని అడ్డుపడిరి. అప్పటి రెసిడెంటు ఆర్చిబాల్డు సీటన్ 1806 మొదలు 1811 వఱకు ఢిల్లీలో నుండిన వాడు, పాదుషాయెడ మిక్కిలి మర్యాద పాటించువాడని ప్రతీతి. మర్యాద యున్నను మాట మార్చలేదు. ఉడుకు రక్తమున జహాంగీరు ఆ దొరను నిండు కొలువున వెక్కిరించెననియు, మఱియొకనాడు కోటలోని నౌబత్‌ఖానా పైనుండి ఆయనపై తుపాకి కాల్చెననియు, గుండు గుఱి తప్పెననియు ఢిల్లీ వాసుల నోళ్ల కథ. కథలోని అలంకారములెట్లున్నను ఫలితము మాత్రము చరిత్ర. రాజకుమారుని బంధించి అలహాబాదునకు పంపివేసిరి.

బేగము కొడుకుకొఱకు కృశించెను. వాడు సుఖముగా మరలివచ్చెనేని మెహ్రౌలీ ఖ్వాజా సమాధిపై పూల దుప్పటి కప్పింతునని మ్రొక్కుకొనెను. కొంతకాలమునకు కంపెనీవారు రాజకుమారుని విడిచి పంపిరి. మ్రొక్కు తీర్చుకొనుటకు రాజకుటుంబమంతయు మెహ్రౌలీకి కదలినది. ఇది 1812 నాటి మాట యని సాధారణముగా చెప్పుదురు. రాణి వట్టి కాళ్లతో నడచి వత్తునని మ్రొక్కుకొన్నదనియు, ఆమె పాదములు కందకుండ త్రోవ పొడుగునను గులాబిరేకులు పఱచిరనియు మఱియొక కథ కలదు. పదునొకండు మైళ్ల త్రోవకు గులాబిరేకులన్నచో నమ్ముటకు ఒకింత జంకు కలుగును గాని, పూలమ్మువారు చెప్పిన కథ గనుక పూలు ఎక్కువైన తప్పులేదు.

రాణి మ్రొక్కులో నున్నది పూల దుప్పటి మాత్రమే. ఢిల్లీ పూలవర్తకులు ఆ దుప్పటిని తయారుచేయుచు, ఇంతటి శుభకార్యమునకు తమ కానుకగా కూడ నేదైన నుండవలెనని తలచి, పూవులతో నొక మంచపు పందిరిని కట్టి, అందముకొఱకై అందులో నొక పెద్ద పూల విసనకఱ్ఱను వ్రేలాడదీసిరట. చూచిన వారందఱికిని ఆ విసనకఱ్ఱయే నచ్చినది. పంఖా యని వారు పిలుచు ఆ విసనకఱ్ఱయే నాటినుండి నేటి వఱకు ఉత్సవ చిహ్నము. ముసల్మానుల దర్గాకు ఒక పంఖా పోవుచుండగా హిందువుల దేవికి మాత్రము లేకుండుట తగదని పాదుషా యోగమాయాలయమునకు కూడ నొకదానిని పంపించెను. జనులు ఏడు దినములు మెహ్రౌలీలో సంబరపడిరి. ఇంతటి సంతోషమును చూచి పాదుషా ఏటేట నిది జరుగవలెనని యాజ్ఞాపించెనని కథ. ఆయన ఆజ్ఞలలో ఇంతకాలము చెల్లినది మఱియొకటి లేదు.

కొడుకు మాటకు వత్తము. విడుదలయైన రాజకుమారుడు చిరకాలము తిన్నగా నుండలేదు. మరల అలహాబాదునకే పంపబడి, అచట మద్యమునకు దాసుడయ్యెను. ఆయనను అచట చూచిన స్లీమన్ దొర తన గ్రంథమున వ్రాసిన వృత్తాంతము విచిత్రముగా నుండును. రాజకుమారునకు చెఱ్ఱీ పండ్ల బ్రాందీ యొక్కటియే ప్రీతి. అది త్వరగా మత్తెక్కించుట యొక్కటియే దానిలోని దోషమని ఆయన విచారము. అందువలన సుఖమును పొడిగించుకొనుటకై గంటకొక పెద్ద గ్లాసు చొప్పున సేవించుచు, తెలివి తప్పువఱకు ఆ నియమమును తప్పకుండెనట. 1821 లో సుమారు ముప్పది యేండ్ల ప్రాయమున మరణించెను. నిజాముద్దీన్ దర్గా ఆవరణమున, చక్కని చలువరాతి జాలకముల నడుమ ఆయన సమాధి యున్నది. పక్కన నున్నవి మహమ్మదు షా పాదుషా, షాజహాను కుమార్తె జహాన్‌ఆరా సమాధులు. తల్లి మ్రొక్కు ఫలించినదో లేదో చెప్పుట కష్టము. కొడుకు దక్కలేదు, ఉత్సవము దక్కినది.

ఈ యుత్సవము పరిపూర్ణ వైభవమును పొందినది జఫరు కవి పాదుషాగా నుండిన ఇరువది సంవత్సరములలో, 1837 మొదలు 1857 వఱకు. శ్రావణ భాద్రపదములలో వానలు నేలను తడిపి, గుట్టలు పచ్చబడిన తరువాత తేదీ నిర్ణయమగును. నౌబత్తులు మ్రోగును. రథములు, పల్లకీలు, ఎడ్లబండ్లు, కాలినడకవారు, అందఱును కుతుబు త్రోవ పట్టుదురు. ధనికులు మెహ్రౌలీలో ముందుగనే ఇండ్లు అద్దెకు తీసికొందురు, బీదలు చెట్లక్రింద బస చేయుదురు. షాజహానాబాదు సగము ఖాళీయయ్యెనని చెప్పుకొనునంతటి జనము.

పాదుషా దిగు భవనమైన జఫరు మహలు దర్గా పడమటి ద్వారమునకు చేరువనే యుండెను. రెండవ అక్బరు షా కట్టించిన ఆ మేడకు కుమారుడు చేర్చిన మహాద్వారము నేటికిని నిలిచియున్నది. ఎఱ్ఱరాతి మూడంతస్తుల కట్టడము, అంచులందు చలువరాతి పనితనము, అంబారీతో ఏనుగు తలవంపక లోనికి పోదగినంతటి కమాను. అందుచేతనే దానికి హాథీ దర్వాజా యని పేరు. కమానుకు ఇరువైపులను ముందునకు పొడుచుకొని వచ్చిన చిన్న గవాక్షములు, వానికి వంగదేశపు గుడిసెల పోలికగా వంగిన కప్పులు. ద్వారముపై చెక్కిన శాసనము పాదుషా పట్టాభిషిక్తుడైన పదునొకండవ యేట, అనగా 1847-48 లో, దీనిని కట్టించెనని చెప్పుచున్నది. మొగలు వంశీయులు కట్టించిన కట్టడములలో చెప్పుకొనదగిన కడపటిది ఇదియే. తాజ్‌మహలు కట్టిన వంశము చివరకు కట్టగలిగినది ఊరేగింపు చూచుటకొక వాకిలి. అయినను ఆ వాకిలి కట్టినవాని అభిరుచిని గూర్చి తక్కువగా పలుకుటకు నాకు మనసొప్పదు. రాతి యెఱుపు, పాలరాతి తెలుపు, నిలువెత్తున సన్నని రేఖలు, అన్నియు తగిన పాళ్లలో కుదిరినవి.

పగళ్లు ఝర్నా వద్ద గడచును. హౌజె షంసీ నిండి పొరలు నీరు కట్టనుండి దిగువ తోటలోనికి జలపాతముగా దుముకు చోటది. దానికి మంటపములు, కాలువలు, తొట్టెలు 1700 ప్రాంతమున నవాబు ఘాజియుద్దీన్ ఫిరోజ్ జంగు కట్టించెనని చెప్పుదురు. ఈ నవాబు మన తెలుగుదేశమునకు క్రొత్తవాడు కాడు. 1687 లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినప్పుడు తండ్రి కిలిచ్ ఖానుతో పాటు ఆ సేనలో నుండెను. ఆ ముట్టడిలోనే గాయపడి మరణించిన తండ్రి సమాధి నేటి హిమాయత్‌సాగరు సమీపమున నున్నది. కుమారుడు హైదరాబాదు ఆసఫ్‌జాహీ వంశమునకు మూలపురుషుడైన నిజాముల్ ముల్కు. గోలకొండ ఫిరంగుల యెదుట నిలిచిన చేతులే మెహ్రౌలీలో ఈ నీటిమేడను కూడ కట్టించినవి.

ఝర్నాలో రాజకుమారులు నున్నని వాలురాతిపై కూర్చుండి నీటిలోనికి జాఱుచుండగా పాదుషా మంటపమునుండి చూచి నవ్వుచుండెడివాడట. ఆ రాతికి జాఱుబండ యనియే పేరు. అంతఃపుర స్త్రీలు వచ్చు దినమున గుడారపు తెరలు కట్టి తోట నంతయు మఱుగు చేయుదురు. మామిడి కొమ్మలకు పట్టుత్రాళ్ల ఉయ్యాలలు వ్రేలాడును, చెట్లక్రింద కడాయీలు పొయ్యికెక్కును, పూరీలును తీపి వంటకములును వేగుచుండును. రాజస్త్రీలు కోట గోడలు విడిచి చెట్టు గాలి పీల్చు దినములు సంవత్సరమున కివియే. వారికి ఉత్సవమన పంఖాకంటె ఈ ఉయ్యాలయే ముఖ్యమై యుండునని నా యూహ.

సాయంకాలము పంఖాలు బయలుదేరును. వెదురు బద్దలను పెద్ద విసనకఱ్ఱ రూపమున వంచి కట్టి, వానిపై రంగు వస్త్రమునుగాని తగరపు రేకునుగాని బిగించి, మల్లె, గులాబి, బంతి పూలను వరుసలుగా కుట్టి, అంచులకు జరీ గోటా త్రిప్పి, పొడవైన కఱ్ఱకు తగిలించి ఎత్తి పట్టుకొందురు. మన దేవాలయములలో ఉత్సవమూర్తి కిరువైపులను పట్టు ఆలవట్టమును తలచుకొని, దానిని నిలువెత్తునకు పెంచి, పట్టునకు బదులు పూలు పొదిగినట్లు ఊహించుకొన్న పాఠకులకు రూపము తోచగలదు. ముందు సన్నాయి, నగారా. వెనుక అఖాడాల పడుచువాండ్రు కఱ్ఱసాము కత్తిసాము చూపుచు వత్తురు. తోలు తిత్తుల భిస్తీలు ఇత్తడి గిన్నెలను లయగా తాటించుచు దప్పిగొన్నవారికి నీరు పోయుదురు. ఊరేగింపు నిమిషమునకు నాలుగడుగులు కదలి మరల నిలుచును. తొందర యెవరికిని లేదు. హాథీ దర్వాజా క్రిందికి వచ్చునప్పటికి గవాక్షమున కూర్చున్న పాదుషాకు సలాము చేసి, వారమునందలి ఒకనాడు యోగమాయాలయమునకును, మఱియొకనాడు దర్గాకును పంఖాలు సాగిపోవును. రెంటియందును హిందువులును ముసల్మానులును కలిసియే నడతురు.

జఫరు విషయమున ఒక మాట చెప్పుదురు. ఒక యేడు తాను యోగమాయాలయమునకు పోవు పంఖా వెంట పోలేకపోయినందున దర్గాకు పోవు పంఖా వెంటను పోనని ఆయన నిరాకరించెనట. ప్రజలలో ఒక వర్గమునకు తక్కువ చేసినట్లు కనబడుట ఆయన కిష్టము లేదు. సైన్యములేని రాజునకు మిగిలిన రాజనీతి అది యొక్కటియే గావచ్చును. సైన్యమున్న రాజులకు ఈ నీతి లేకపోవుటయు మనము చూచితిమి.

ఈ సంబర మంతటిని తెల్లదొర ఒకడు మీనారు ప్రక్కనుండి చూచుచుండెను. 1835 నుండి 1853 లో మరణించు వఱకు ఢిల్లీలో కంపెనీ ప్రతినిధిగా నుండిన సర్ థామస్ మెట్కాఫ్, అక్బరు చక్రవర్తి దాది కుమారుడైన మహమ్మదు కులీఖాను గోరీని కొని, చుట్టును గదులు చేర్చి, సమాధి గృహమునే భోజనశాలగా మార్చి, వానకాలపు విడిదిగా చేసికొనెను. దానికి దిల్కుషా యని పేరుపెట్టెను. పాదుషా మెహ్రౌలీకి వచ్చు ఋతువుననే ఈయనయు వచ్చుచుండెను. ఎవరు ఎవరికి అతిథియో ఆ యూరివారికి బాగుగా తెలియును.

1857 వచ్చినది. సెప్టెంబరులో ఢిల్లీ పడిపోయినది. మఱుసటి యేట జఫరును రంగూనునకు పంపిరి. అచటనే 1862 నవంబరు 7వ తేదీన ఆయన మరణించెను. దర్గా ప్రక్కన మోతీ మసీదును చేరియున్న చిన్న ఆవరణలో మొదటి బహదూర్ షా, షా ఆలం, రెండవ అక్బరు షా సమాధులు వరుసగా నున్నవి. నడుమ నొకచోటు ఖాళీ. అది తనకొఱకు జఫరు నిర్ణయించుకొన్న స్థలమని చెప్పుదురు.

పాదుషా లేని పాదుషా యాత్ర అంతటితో ఆగిపోవలసినది. ఆగలేదు. పూలమ్మువారు పంఖాలు కట్టుచునే యుండిరి. పాదుషా స్థానమున ఢిల్లీ డిప్యూటీ కమీషనరు పెద్దరికము వహింపసాగెను. ఆ యుత్సవమున పాదుషా స్థానమునకు ఎవరు వచ్చి కూర్చున్నను జరిగిపోవుననియు, పూలవానిచోట వేఱొకని నిలుపుట సాధ్యము కాదనియు నాటి ఆంగ్ల ప్రభుత్వమే నిరూపించినట్లైనది. ఆ తరముల జ్ఞాపకములను పెద్దలవలన విని గ్రంథస్థము చేసిన ఢిల్లీవాడు మీర్జా ఫర్హతుల్లా బేగ్. ఫూల్‌వాలోం కీ సైర్ అను పేరనే ఆయన వ్రాసిన రచన, జఫరు నాటి యుత్సవమును కన్నులకు కట్టించు ఉర్దూ వచనమునకు మచ్చుతునక. 1883 లో ఢిల్లీలో జన్మించిన ఈయన నిజాము కొలువున ఉద్యోగియై తన జీవితములో అధికభాగమును హైదరాబాదున గడపి, 1947 లో అచటనే మరణించెను. ఢిల్లీ పూల ఉత్సవమును గూర్చి మనకు తెలిసినదానిలో చాలభాగము మూసీ యొడ్డున నివసించినవాని కలమునుండి వెలువడినదే.

1942 లో క్విట్ ఇండియా యుద్యమము చెలరేగగా ప్రభుత్వము ఉత్సవమును నిలిపివేసినది. ఐదేండ్లకు దేశ విభజన. ఆనాటి అల్లర్లలో మెహ్రౌలీ ముసల్మానులు ఇండ్లు విడిచి పాఱిపోయిరి, దర్గాలోని చలువరాతి జాలకములు ధ్వంసము చేయబడినవి. 1948 జనవరి 13వ తేదీన గాంధీ మహాత్ముడు ఢిల్లీలో నిరాహారదీక్ష పూనినప్పుడు, దీక్ష విరమింపవలెనన్న ఆయన కోరిన వాగ్దానములలో ఒకటి, ఖ్వాజా బఖ్తియార్ ఉర్సు, అనగా వర్ధంతి యుత్సవము, ఎప్పటివలె నిర్భయముగా జరుగవలెననుట. నగర ప్రముఖులు వాగ్దాన మిచ్చిరి. 18వ తేదీన దీక్ష ముగిసినది. ఉర్సు జరిగినది. జనవరి 27వ తేదీన డెబ్బది యెనిమిదేండ్ల ఆ వృద్ధుడు, దీక్షచేత నీరసించిన శరీరముతోనే మెహ్రౌలీకి వచ్చి, విఱిగిన జాలకములను చూచి దుఃఖించి, అచట కూడిన హిందూ ముస్లిము సిక్కు జనులతో మాటలాడెను. మఱి మూడు దినములకు ఆయన హత్యకు గుఱియయ్యెను. మెహ్రౌలీకి వచ్చిన ప్రముఖుల రాకపోకలను వరుసగా చెప్పుచు వచ్చిన ఈ వ్యాసమున, పరివారములేని ఆ యొక్క రాకకు ఈడైనది నాకు కనబడలేదు.

1962 లో ప్రధానమంత్రి నెహ్రూ ప్రోత్సాహమున, యోగేశ్వర్ దయాళ్ అను ఢిల్లీ పౌరప్రముఖుని పూనికచేత, అంజుమనె సైరె గుల్‌ఫరోషాఁ అను సంఘము ఉత్సవమును పునరుద్ధరించినది. అది జఫరు రంగూనులో మరణించిన నూఱవ సంవత్సరము. కావలెనని చేసినట్లు ఎచ్చటను కానరాదు గాని సరిపోయినది.

నాటినుండి వానలు వెనుకబట్టిన తరువాత, సాధారణముగా సెప్టెంబరు నవంబరుల నడుమ, ఉత్సవము జరుగుచు వచ్చినది. సంఘమువారు సన్నాయిలతో పోయి రాష్ట్రపతి మొదలు లెఫ్టినెంటు గవర్నరు వఱకును పూల పంఖాలు సమర్పించి ఆహ్వానింతురు. పూర్వము పాదుషా నిలిచిన చోట ఇప్పుడు వీరు. మెహ్రౌలీ వీధులలో పంఖాలు ఊరేగును, ఆలయమున నొకటి, దర్గాలో నొకటి సమర్పింపబడును. మామిడితోపు మైదానమున కుస్తీలు, గాలిపటముల పందెములు జరుగును. కడపటి రాత్రి, చెఱువు గట్టునగల లోడీ కాలపు జహాజ్ మహలు ముంగిట కథక్, కవ్వాలీ సాగుచుండగా వేఱు వేఱు రాష్ట్రములవారు పంపిన పంఖాలు ఒకదాని వెంట నొకటి వచ్చును. రాజు ప్రజలకొఱకు పంపిన పంఖాలు రెండు మాత్రమే యుండగా, నేడు ఇన్ని రాష్ట్రములనుండి వచ్చుట ఉత్సవము పెరుగుటయే యని కొందఱు సంతసింతురు. ప్రభుత్వ శాఖల కార్యక్రమముగా మారిపోవుచున్నదని మఱికొందఱు పెదవి విఱుతురు. నాకు రెండవవారి మాటయందు కొంత న్యాయము కన్పట్టుచున్నది. వేదికపై ఉపన్యాసములు జరుగునంతసేపును పంఖాలు ప్రక్కగా నిలువవలసి వచ్చుట చూడసొంపుగా నుండదు.

అంతకంటె విచారకరమైనది ఊరి స్థితి. ఇబన్ బటూటా మెచ్చిన చెఱువు ఇప్పుడు చుట్టును ఇండ్లు క్రమ్ముకొని గుంటవలె కుదించుకొన్నది. ఝర్నా మంటపములు నిలిచియున్నవి, నీటి దుముకు లేదు. జాఱుబండ యెక్కడనో అడుగవలసివచ్చును. జఫరు మహలు పురావస్తు శాఖ రక్షణలో నున్నను పైకప్పులు చాలవఱకు కూలినవి. వాకిలి యెదుట సంతయంగళ్లు మూగి, ఏనుగు పట్టు కమాను ముందర నడచువాడు కూడ ఒదిగి పోవలసియున్నది. చలువరాతి సమాధులకు కాపుగా తాళము వేయువారున్నారు గాని, గవాక్షపు కప్పునుండి రాలు రాళ్లకు కాపు లేదు. ఉత్సవమునకు ఏటేట ధనము వెచ్చించు ప్రభుత్వములు అందులో నొక్క భాగము ఆ వాకిలికి వెచ్చించినను దాని ఆయువు పెరుగును.

ఢిల్లీలోను, గుర్‌గాఁవ్ నోయిడాలలోను నివసించు తెలుగు పాఠకులకు ఒక విన్నపము. ఉత్సవపు తేదీలు పత్రికలలో పడును. మీనారుకు పోయి మరలక, అచటినుండి కాలినడకను మెహ్రౌలీ బజారు దాటి, ముందు యోగమాయాలయమును, పిదప దర్గాను, దర్గా పడమటి వైపున హాథీ దర్వాజాను, మోతీ మసీదు ప్రక్కన ఆ ఖాళీ స్థలమును వరుసగా చూడుడు. రాత్రి వేదికముందు కుర్చీలకొఱకు త్రొక్కులాడుటకంటె, మధ్యాహ్నమే చేరుకొని, వెదురు బద్దలపై పూలు కుట్టుచోట కొంతసేపు నిలిచి, ఆ పని చేయువారితో రెండు మాటలాడి రండు.

(సశేషము)